లార్సెనీకి తెలుగు మాట

మా తెలుగు తరగతిలో ఒక అమ్మాయి అడిగింది: "మాస్టారూ, కోర్టు వార్తలలో 'లార్సెనీ' అని వ్రాస్తారు గదా, దానికి తెలుగు మాట ఏది?" "దొంగతనం" అన్నాను. ఆ జవాబు నాకే చాలలేదు. చట్టం దృష్టిలో దొంగతనాలన్నీ ఒకటి కావు.

ఇంగ్లండులో పూర్వం 12 పెన్నీలు హద్దు. అంతకు మించిన సొమ్ము దొంగిలిస్తే 'గ్రాండ్ లార్సెనీ', అనగా పెద్ద దొంగతనం. దానికి మరణశిక్ష పడవచ్చును. 1827లో ఈ భేదాన్ని తీసివేశారు. అమెరికాలో ఆ పేరు నేటికీ ఉన్నది.

మన మారిషస్ దారి వేరు. 1810లో బ్రిటిషువారు ఈ దీవిని గెలుచుకున్నా ఫ్రెంచి చట్టాలు నిలిచాయి. మన 1838 నాటి శిక్షాస్మృతికి ఫ్రెంచి స్మృతియే మూలం. ఇక్కడ సొమ్ము విలువ ఒక్కటే చూడరు; ఎవరు, ఎలా తీశారో చూస్తారు. రాత్రివేళ, తలుపు పగులగొట్టి, ఆయుధంతో, కొందరు కలిసి చేస్తే నేరం బరువు పెరుగుతుంది. జీతగాడు యజమాని సొమ్ము తీసినా అంతే.

మన పెద్దలు వదలి వచ్చిన దేశంలోనూ ఇదే పద్ధతి. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో మామూలు దొంగతనానికి 3 ఏండ్ల వరకు శిక్ష. నౌకరు యజమాని సొమ్ము దొంగిలిస్తే 7 ఏండ్ల వరకు. 2024లో కొత్త సంహిత అమలులోకి వచ్చినా ఈ భేదం పోలేదు.

నమ్మి పని ఇచ్చినవానిని మోసగించరాదు, నిజమే. మరి కూలివాని సొమ్ము మాట? ఎస్టేటులలో 'డబుల్ కట్' ఉండేది. సరైన కారణం లేక ఒకరోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి పోయేది. దానిని చట్టం దొంగతనం అనలేదు. చట్టమే దానికి అనుమతి ఇచ్చింది. 1871లో అడాల్ఫ్ ద ప్లెవిట్జ్ సాయంతో 9,401 మంది పాత కూలీలు తమ కష్టాలు చెప్పుకుంటూ అర్జీ పెట్టారు. 1872లో రాయల్ కమిషన్ విచారణకు వచ్చింది.

ఆ అమ్మాయి పుస్తకంలో 'చౌర్యం' అనీ, బరువైన నేరానికి 'తీవ్ర చౌర్యం' అనీ వ్రాయించాను. "డబుల్ కట్‌కు ఏ మాట వ్రాయాలి?" అని మళ్ళీ అడిగింది. తరగతిలో అందరినీ ఆలోచించుకొని రమ్మన్నాను.

పాఠకులకు ఒక మనవి. మీ ఇంట తాతల నాటి పాసులు, జీతం కాగితాలు ఉంటే పారవేయకండి. పిల్లలకు చూపించండి.