నార్మను విజయము - చారిత్రక నవల

క్రీ.శ. 1066వ సంవత్సరము అక్టోబరు 14వ తేదీని హేస్టింగ్సు సమీపమున జరిగిన యుద్ధములో ఇంగ్లండు రాజగు హెరాల్డు హతుఁడయ్యెను. నార్మండీ ప్రభువగు విలియము ఆ సంవత్సరమే క్రిస్మసు పండుగనాఁడు వెస్టుమినిస్టరునఁ బట్టాభిషిక్తుఁడయ్యెను. ఒక్క పగటిలో ముగిసిన యీ పోరు తరువాతి నవలాకారుల కొక పెన్నిధి యయ్యెను. లిట్టను 1848లో హెరాల్డును గూర్చియు, కింగ్‌స్లీ 1866లో విలియము నెదిరించిన హెరివార్డును గూర్చియు నవలలు ప్రకటించిరి. అన్నిటికంటెను మిన్నగాఁ బ్రసిద్ధికెక్కినది 1819వ సంవత్సరాంతమున వాల్టరు స్కాటు వెలువరించిన 'ఐవన్‌హో'.

రిచర్డు రాజు చెఱ వీడి స్వదేశమునకు వచ్చిన 1194 ప్రాంతమున ఈ కథ నడచును. విజయము జరిగి నూఱేండ్లు దాఁటినను పూర్వనివాసులగు శాక్సనులును నార్మనులును అందు బద్ధవైరులుగనే కానవత్తురు. అందలి విదూషకుఁడు ఒక చమత్కారము పలుకును: పంది బ్రతికియుండి శాక్సను కాపరి పాలననున్నంతకాలము దానికి 'స్వైన్' అను శాక్సను పేరు; చచ్చి ప్రభువు భోజనపుబల్ల నెక్కఁగానే 'పోర్కు' అను నార్మను పేరు. మేము విద్యార్థుల కీ ఘట్టము చెప్పినపుడెల్ల వారు నవ్వుదురు. ఆ నవ్వుతోడనే యొక జాతిని ప్రేమించి వేఱొక జాతిని ద్వేషింప మొదలిడుదురు. కథకుఁ గల బల మిట్టిది. కావున అది సత్యమా యని విచారించుట మన విధి.

రెండవ హెన్రీ రాజు కోశాధికారియగు రిచర్డు ఫిట్జ్‌నీలు 1170-80 నడుమ మొదలుపెట్టిన రాజకోశ గ్రంథమున, రెండు జాతులును వియ్యమంది కలిసిపోయినందున స్వతంత్రులలో నెవఁ డాంగ్లేయుఁడో యెవఁడు నార్మనుఁడో గుర్తించుట దుర్ఘటమని వ్రాసెను. భూమికిఁ గట్టువడిన దాసులను మాత్రము విడిచి చెప్పెను. స్కాటు చూపిన జాతివైర మప్పటికిఁ జాలవఱకు మాసిపోయినది, మాయనిది దాస్యము.

అట్లని విజేతల క్రౌర్యము కల్ల యని మేమనము. 1069-70 శీతకాలమున విలియము తిరుగుబాటు నణఁచుటకై ఉత్తరదేశమున ధాన్యమును పశువులను గాల్పించెను. జనులు క్షామమునఁ జచ్చిరి. 1086 నాఁటి డూమ్స్‌డే భూమిలెక్కలలో ఆ ప్రాంతపు గ్రామములు పెక్కు 'పాడు' అని వ్రాయఁబడియున్నవి. ఆ ఘోరమును గట్టిగా నిందించినవాఁడు ఆర్డరిక్ విటాలిసను సన్యాసి. ఇతఁడు 1075లో ఇంగ్లండునఁ బుట్టెను. తండ్రి ఫ్రెంచివాఁడు, తల్లి ఆంగ్లేయ యని పండితుల మతము. పదేండ్ల బాలుఁడై నార్మండీలోని మఠమునకుఁ బంపఁబడి, అచటి భాష తెలియక దిగులుపడెను. విజేతల నడుమఁ బెరిగి విజేతనే నిందించిన యీతని కథ ఏ వీరుని గాథకుఁ దీసిపోవును?

బేయో పట్టణపుఁ బేరఁ బ్రసిద్ధమైన కుట్టుపని వస్త్రమొకటి కలదు. సుమారు 70 మీటర్ల పొడవున ఈ విజయగాథ యంతయు దానిపైఁ గుట్టఁబడినది. రాజులు, ఓడలు, గుఱ్ఱముల నడుమ, కాలుచున్న యింటినుండి బిడ్డ చేయి పట్టుకొని వచ్చుచున్న స్త్రీ యొకతె అందుఁ గానవచ్చును. కుట్టినవారు ఆమె పేరు వ్రాయలేదు. నవలాకారుఁడు వ్రాయవలసినది ఆమె కథ. అది చదివిన బాలురు ఏ జాతిని ద్వేషింపవలెనో తెలియక, యుద్ధమునే ద్వేషింతురు.