కార్ అల్లం నుంచి క్యాప్సూల్ దాకా

బరువు తగ్గిస్తామని అమ్మే మూలికా మాత్రల డబ్బాని ఎప్పుడైనా తిప్పి వెనక్కి చూశారా? వాటిలో కొన్నిటి మీద ‘కారల్లుమా ఫింబ్రియాటా’ అని ఉంటుంది. చూడగానే ఏ లాటిన్ మాటో అనుకుంటాం. కానీ ఆ మొదటి ముక్క తెలుగు!

ఇది తెలియాలంటే సామర్లకోట వెళ్ళాలి. ఇప్పటి సామర్లకోట కాదు, 1781 నాటిది. విలియం రాక్స్‌బరో అనే స్కాట్లండు డాక్టరు ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా అక్కడికొచ్చాడు. వైద్యం సంగతేమో గానీ, మనిషికి మొక్కల పిచ్చి. మిరియాలు, కాఫీ, దాల్చినచెక్క పండుతాయేమోనని తోట వేశాడు. వాతావరణం లెక్కలు రాసుకున్నాడు. ఇక్కడి చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు వేయించాడు. అవి ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అనే పేరుతో 1795 నుంచి మూడు సంపుటాలుగా లండన్‌లో అచ్చయ్యాయి. మొత్తం 300 బొమ్మలు. బొమ్మలేసిన వాళ్ళ పేర్లు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు. పుస్తకం ఎవరిదంటే రాక్స్‌బరోదే. మన ఆఫీసుల్లో కోడు రాసేవాడొకడు, ప్రెజెంటేషన్ ఇచ్చేవాడొకడు అన్నట్టు.

ఆయనలో నాకు నచ్చేదొకటుంది. మొక్కకి లాటిన్ పేరు పెట్టి ఊరుకోలేదు, జనం ఏమని పిలుస్తారో అడిగి అదీ రాశాడు. అట్లా రాసినవాటిలో ఆకుల్లేని, నాలుగు పలకల కాడలున్న ఓ మొక్క ఉంది. జనం పేరు ‘కార్ అల్లం’. చేదుగా, ఉప్పగా ఉండే కాడల్ని పచ్చిగానే తింటారని కూడా నమోదు చేశాడు. తర్వాత 1810లో రాబర్ట్ బ్రౌన్ (మనం ఫిజిక్సులో చదువుకున్న బ్రౌనియన్ మోషన్ బ్రౌనే) ఇలాంటి మొక్కలన్నిటినీ ఒక ప్రజాతి కింద చేర్చి ‘కారల్లుమా’ అన్నాడు. ఇది అరబ్బీ నుంచి వచ్చిన మాటని చాలాకాలం రాసుకున్నారు. రాక్స్‌బరో రాతలు చూసిన వృక్షశాస్త్రజ్ఞులు కాదు, తెలుగేనంటున్నారు. కారుచిచ్చు, కారెనుబోతులలో ఉన్న ‘కారు’ ఇక్కడా ఉందని నా ఊహ. అంటే అడవి అల్లం అన్నమాట. అల్లానికీ దీనికీ చుట్టరికం లేదనుకోండి, అది వేరే సంగతి.

రాక్స్‌బరో చూసింది కారల్లుమా అడ్సెండెన్స్. మాత్రల్లో వాడే ఫింబ్రియాటాని చాలామంది దానిలోనే ఒక రకంగా లెక్కేస్తారు. మన మెట్ట ప్రాంతాల్లో వీటికి కుందేటి కొమ్ములని పేరు. లోకంలో లేనిదానికి పోలికగా చెప్పే ఆ కొమ్ములు రాళ్ళగుట్టల మీద, ముళ్ళపొదల నీడన మొలుస్తాయి. చింతపండేసి పచ్చడి చేసుకోవచ్చు, పచ్చిగా నమలొచ్చు.

ఇలాంటివి తినడానికి ఒక చరిత్ర ఉంది, అదంత రుచికరమైంది కాదు. 1876-78 కరువులో బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు మాడిపోయాయి. కరువు పనుల్లో రోజంతా రాళ్ళు కొట్టే మగ మనిషికి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని సర్ రిచర్డ్ టెంపుల్ లెక్క కట్టాడు. పౌనంటే అరకిలో కూడా లేదు. ఇది సరిపోదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగానే పోట్లాడాడు. అలాంటి రోజుల్లో జనానికి గుట్టలే దిక్కు. ఏ దుంప విషం, ఏ కాడ తినొచ్చు, ఏది ఉడకబెట్టి నీళ్ళు పారబొయ్యాలి అన్న తెలివి సరదాగా అబ్బింది కాదు. తప్పు తిన్నవాళ్ళు పోగా మిగిలిన పరిజ్ఞానం అది.

ఇప్పుడు ఆ మాత్రల కరపత్రాల్లో ‘కరువు కాలపు ఆహారం’ అని గొప్పగా వేసుకుంటున్నారు. అప్పుడు తిండి లేక నమిలిన కాడ, ఇప్పుడు తిండెక్కువై మింగే మాత్ర. పోనీ పనిచేస్తుందా? 2007లో అచ్చయిన బెంగుళూరు పరీక్ష ఒకటుంది. 50 మందిలో కొందరికి రోజుకొక గ్రాము సారం, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర, 60 రోజులు ఇచ్చారు. సారం తీసుకున్నవాళ్ళకి ఆకలి, నడుము కొలత తగ్గాయి. బరువులో మాత్రం రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. డబ్బా మీద ఈ రెండో వాక్యం వేయరు!

నన్ను ఇబ్బంది పెట్టేది ఇంకోటుంది. జీవవైవిధ్య చట్టం 2002లో వచ్చింది. ఇలాంటి పరిజ్ఞానంతో సంపాదించే లాభంలో ఊరికీ వాటా ఉండాలన్నది దాని ఉద్దేశం. 2023 సవరణ ఆ వాటా నుంచి, గ్రంథాల్లోకెక్కిన సంప్రదాయ పరిజ్ఞానాన్ని వాడేవాళ్ళకి మినహాయింపిచ్చింది. మరి గ్రంథాల్లోకెక్కనిది? దాన్ని రాసిపెట్టడానికి ప్రతి పంచాయతీలో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. అందులో మొక్క స్థానికంగా ఏ పేరుతో పిలవబడుతుందో, ఎందుకు వాడతారో నింపాలి. డాక్యుమెంటేషన్ ఎలా నింపుతామో మనకి తెలియందేముంది, గడువు ముందురోజు రాత్రి కాపీ పేస్టు. ఆ గడి సరిగా నింపాలంటే గుట్ట ఎక్కి మొక్కని చూపించగల పెద్దవాళ్ళు కావాలి. వాళ్ళు తగ్గిపోతున్నారు, గ్రానైటు పుణ్యమా అని చాలాచోట్ల గుట్టలూ తగ్గిపోతున్నాయి.

తమిళంలో దీన్ని కళ్ళిముళయాన్ అంటారు. ‘కార్ అల్లం’ అన్న మాట మాత్రం గోదావరి జిల్లాల వాళ్ళ నోట నేను ఒక్కసారీ వినలేదు. పెద్దాపురం, సామర్లకోట వైపు వాళ్ళెవరైనా ఉంటే, ఈసారి పండక్కి వెళ్ళినప్పుడు మీ తాతయ్యనో అమ్మమ్మనో కాస్త అడిగి చూడండి.