స్పోర్ట్స్ స్కూల్ సీటు: 3వ తరగతి పిల్లలున్న ఇళ్లు తెలుసుకోవాల్సినవి

కాగజ్‌నగర్: గల్లీలో అందరికంటే ముందు ఉరికే పిల్లల కోసం సర్కారు స్పోర్ట్స్ స్కూళ్లు ఉన్నాయి. హకీంపేట స్కూల్ 1993లో మొదలైంది. మనకు దగ్గరివి ఆదిలాబాద్, కరీంనగర్. చదువు, హాస్టల్, భోజనం, కోచింగ్ ఉచితం.

ఎప్పుడు: ప్రవేశం ప్రధానంగా 4వ తరగతిలోనే. ఆ ఏడాది దాటితే సీటు దొరకడం కష్టం.

ఎంపిక: మండల, జిల్లా, రాష్ట్ర స్థాయిల్లో జరుగుతుంది. ఎత్తు, బరువు చూస్తారు. 30 మీటర్లు, 800 మీటర్ల పరుగు, షటిల్ రన్, నిలబడి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం ఉంటాయి.

కాగితాలు: బర్త్ సర్టిఫికెట్, ఆధార్, 3వ తరగతి ప్రోగ్రెస్ రిపోర్ట్, ఫొటోలు. బీసీ-ఈ కిందికి వచ్చేవాళ్లు ఆ సర్టిఫికెట్ కూడా తీసి పెట్టుకోవాలి. మన పేర్లు ఒక కాగితంలో మహ్మద్, ఇంకోదాంట్లో ఎండీ అని పడుతుంటాయి. ముందే సరిచేయించుకోండి.

ఆడపిల్లలకూ సీట్లున్నాయి. 2022, 2023లో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్ అయిన నిఖత్ జరీన్ మన పక్కన నిజామాబాద్ బిడ్డే. తండ్రి ప్రోత్సాహంతోనే రింగ్‌లోకి దిగింది.

తేదీల కోసం స్కూల్ హెడ్‌మాస్టర్‌ని గానీ, ఆసిఫాబాద్‌లోని జిల్లా క్రీడల అధికారిని గానీ అడగండి.