భేంగాపన్: నసీబ్ కాదు, ఇలాజ్ ఉన్న బీమారీ

మా బందరు గల్లీల్లో కన్ను ముక్కువైపు తిరిగిన పిల్లాణ్ణి చూస్తే రెండు మాటలు వినిపిస్తాయి. మన ఇళ్ళలో "భేంగా" అంటారు. పక్కింటివాళ్ళు "మెల్లకన్ను అదృష్టం లెండి" అంటారు. మొదటిది వెక్కిరింత, రెండోది ఓదార్పు. రెండింటిలోనూ ఇలాజ్ మాట లేదు. అందుకే ఈ బీమారీ తారీఖ్ కాస్త చెప్పాలనిపించింది.

అరబీలో దీన్ని హవల్ అంటారు, అది ఉన్నవాడు అహ్వల్. 724 నుంచి 743 దాకా ఏలిన ఉమయ్యద్ ఖలీఫా హిషామ్ బిన్ అబ్దుల్ మలిక్‌కి "అల్-అహ్వల్" అనే పేరుండేది. మౌలానా రూమీ మస్నవీలో ఒక అహ్వల్ షాగిర్దు ఖిస్సా ఉంది. ఉన్నది ఒకటే సీసా, వాడికి రెండు కనిపిస్తాయి. ఒకటి పగలగొడితే రెండూ మాయమవుతాయి.

పెద్దయ్యాక హఠాత్తుగా కన్ను తిరిగినవాళ్ళకి నిజంగానే ఒకటి రెండుగా కనిపిస్తుంది. పసిపిల్లల దిమాగ్ మాత్రం వేరే దారి వెతుక్కుంటుంది. తిరిగిన కన్ను పంపే బొమ్మను పట్టించుకోవడం మానేస్తుంది. పిల్లాడికి తకలీఫ్ తెలియదు, కాబట్టి చెప్పడు. ఆ కంటి బినాయీ మాత్రం చప్పుడు లేకుండా తగ్గిపోతుంది.

తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో పనిచేసిన సాబిత్ బిన్ ఖుర్రా, బాగున్న కంటిని మూసి తిరిగిన కంటికి పని చెప్పమన్నాడని వైద్య చరిత్రకారులు రాస్తారు. ఆయన ముస్లిం కాదు, హర్రాన్ సాబీ. ఇల్మ్‌కి మజ్‌హబ్ అడ్డు రాలేదు. ఇవాళ డాక్టర్లు వేసే పట్టీ వెనక ఉన్నదీ ఆ ఆలోచనే.

1839లో బెర్లిన్‌లో డీఫెన్‌బాక్ అనే సర్జన్, ఏడేళ్ళ పిల్లాడి కన్నును లోపలికి లాగుతున్న కండరాన్ని కోసి దాన్ని నిటారు చేశాడు. ఆపరేషన్లకి ఈథర్ మత్తు ఇంకా రాని రోజులవి. ఆ పిల్లాడి సబర్‌ని ఊహించుకోండి!

మన వలందపాలానికి పేరిచ్చిన డచ్చివాళ్ళ దేశంలోనే డాండర్స్ అనే డాక్టరు 1864లో ఇంకో రహస్యం విప్పాడు. కొందరు పిల్లలకి ప్లస్ పవర్ ఉంటుంది. స్పష్టంగా చూడాలని కంటిని బిగపడతారు, ఆ బిగువుకి కళ్ళు లోపలికి తిరుగుతాయి. ఇలాంటివాళ్ళలో చాలామందికి సరైన ఐనక్ పెడితే చాలు, కత్తి అక్కర్లేదు.

కృష్ణా జిల్లావారైన డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి స్థాపించారు. ఇప్పుడు విజయవాడ పక్కన తాడిగడపలోనూ దాని శాఖ ఉంది. గుడివాడ నుంచి పొద్దున పోయి సాయంత్రానికి రావచ్చు. నాగాయలంక, అవనిగడ్డ వాళ్ళకి ఒక రోజు కూలి పోతుంది, నిజమే. పట్టీ వైద్యానికి ఒక్కసారి పోతే సరిపోదు కూడా. అయినా ఈ లెక్కలో అసలు ఖరీదైనది ఆలస్యమే.

మనలో చాలామంది ఆడపిల్లకి రిష్తా చూసేటప్పుడే డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. ఇరవయ్యేళ్ళకి ఆపరేషన్ చేస్తే కన్ను నిటారవుతుంది, ఫోటో బాగుంటుంది. చిన్నప్పుడు పోయిన చూపు మాత్రం చాలావరకు తిరిగి రాదు.

పుట్టిన మొదటి నెలల్లో కళ్ళు అప్పుడప్పుడు అటూ ఇటూ పోవడం మామూలే. ముక్కు దూలం వెడల్పుగా ఉన్నా మెల్లలాగే కనిపిస్తుంది. నాలుగు నెలలు దాటాక కూడా కన్ను తిరుగుతుంటే చూపించండి. కంటిపాప తెల్లగా మెరిస్తే ఒక్కరోజు కూడా ఆగొద్దు. నానీమా దువా చేస్తూనే ఉండనివ్వండి, మీరు బస్సెక్కండి.