చెక్ ఇంజిన్ లైటు: అమ్రాబాద్ ప్రాంతపు పాత జీపుల్లో

డాష్‌బోర్డు మీద ఇంజిన్ బొమ్మతో, పసుపు లేదా నారింజ రంగులో వెలిగే హెచ్చరిక దీపం. వాడుకలో ఇంజిన్ లైటు, చెక్ లైటు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ (ఈసీయూ) తనకు అందే సంకేతాల్లో తేడా పసిగట్టినప్పుడు ఈ దీపాన్ని వెలిగించి, ఆ తేడాకు ఒక కోడ్‌ను తన జ్ఞాపకంలో రాసిపెట్టుకుంటుంది. నాగర్‌కర్నూల్ జిల్లా (2016 అక్టోబరు వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగం) అమ్రాబాద్, పదర మండలాల్లోనూ, వాటిని ఆనుకొని ఉన్న నల్లమల పెంటల (చెంచు గూడేల) దారుల్లోనూ తిరిగే పాత బొలెరో, థార్, స్కార్పియో, జిప్సీ బళ్లకు ఈ వ్యాసం పరిమితం.

కమాండర్, ఎంఎం 540 వంటి అంతకు ముందు తరం మహీంద్రా డీజిల్ జీపుల్లో ఈ దీపం ఉండదు. వాటి పంపు, ఇంజెక్టర్లు పూర్తిగా మెకానికల్. డాష్‌బోర్డు మీద ఉండేవి ఆయిల్, చార్జింగ్, హీటర్ ప్లగ్ దీపాలు. చుట్టలు తిరిగిన తీగ బొమ్మతో వెలిగే హీటర్ ప్లగ్ దీపాన్ని ఇంజిన్ లైటుగా పొరబడడం కద్దు.

పుట్టుక

బండి తన లోపాన్ని తానే చెప్పే ఏర్పాటు ఎప్పుడు మొదలైందన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న ఫోక్స్‌వాగన్ కారుతో 1968లో మొదలైందని పలు సంకలనాలు ఒకదాన్ని చూసి మరొకటి రాస్తూ వచ్చాయి. అదే సంస్థ 1970ల మొదట్లో అమర్చిన పరీక్ష ప్లగ్గును కొందరు ఆరంభంగా తీసుకుంటారు. ఆ ప్లగ్గు బయటి యంత్రానికి తీగలు అందించేదే గానీ బండి తనంతట తాను ఏమీ కనిపెట్టేది కాదు. కాబట్టి దీపం చరిత్రకు 1980-81లో జనరల్ మోటార్స్ అమెరికాలో తెచ్చిన కంప్యూటర్ నియంత్రణనే మొదలుగా తీసుకోవడం సమంజసం. కాలిఫోర్నియా 1988 మోడళ్ల నుంచి ఇలా లోపాన్ని బండే చెప్పే ఏర్పాటును తప్పనిసరి చేసింది. పదహారు పిన్నుల సాకెట్, అన్ని కంపెనీలకూ ఒకే కోడ్ భాష అమెరికాలో 1996 మోడళ్లతో స్థిరపడ్డాయి.

భారతదేశంలో తేదీల చిక్కు

మన దేశానికి సంబంధించి 2010, 2013, 2017 అని మూడు తేదీలు కనిపిస్తాయి. మూడూ నిజమే, చెప్పేది మాత్రం వేరువేరు సంగతులు. 2010 ఏప్రిల్‌లో హైదరాబాద్ సహా 13 నగరాల్లో బీఎస్-4 పొగ ప్రమాణాలు వచ్చాయి, వాటితో పాటు ఓబీడీ (బండి తన లోపాన్ని తానే పట్టే ఏర్పాటు) తొలి దశ. ఈ దశలో కంప్యూటర్ ప్రధానంగా తీగ తెగిందా, షార్ట్ అయిందా అన్నదే చూస్తుంది. 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ: పొగ పరిమితి దాటించే పనితీరు లోపాలు కూడా లెక్కలోకి వచ్చాయి. 2017 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-4 దేశమంతటికీ వర్తించింది. అదే రోజు నుంచి బీఎస్-3 బళ్ల అమ్మకాన్ని నిలిపివేస్తూ సుప్రీంకోర్టు మార్చి 29న ఆదేశమిచ్చింది.

అమ్రాబాద్ వంటి చోట ఈ తేడా కాగితాల మీద ఆగిపోదు. 2010-17 మధ్య బొలెరో వంటి బళ్లు హైదరాబాద్‌కు ఒక రకంగా, జిల్లాలకు మరో రకంగా అమ్ముడయ్యాయి. 2012లో ఏపీ-22 (మహబూబ్‌నగర్) లేదా ఏపీ-24 (నల్లగొండ) నంబరుతో రిజిస్టరైన బండి బీఎస్-3 కావచ్చు. అదే ఏడాది హైదరాబాద్‌లో కొని, తర్వాత అచ్చంపేటలో చేతులు మారిన బండి బీఎస్-4 అయి ఉంటుంది. మొదటిదానికి సాధారణ స్కానర్ తగిలిస్తే ఏమీ పలకకపోవచ్చు, అది స్కానర్ లోపం కాదు. కనుక తయారీ ఏడాది కన్నా తొలి రిజిస్ట్రేషన్ ఊరు, ఆర్‌సీలో రాసిన బీఎస్ దశ నమ్మదగిన ఆధారాలు. బీఎస్-3 కాలపు స్కార్పియో సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్), థార్ సీఆర్‌డీఈ బళ్లలో కంప్యూటరూ దీపమూ ఉంటాయి. వాటి కోడ్‌లు పూర్తిగా చదవడానికి కంపెనీ స్కానర్ అవసరం పడవచ్చు. థార్ డీఐ రకంలో మెకానికల్ పంపే.

జిప్సీ కథ వేరు. 1985లో కార్బురేటర్‌తో వచ్చింది, 2000 నాటికి ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ నడిపే పెట్రోలు ఇంజెక్షన్) ఇంజిన్ అందుకుంది. ఆ తరం సుజుకీ పద్ధతిలో పరీక్ష కనెక్టర్‌లోని నిర్ణీత పిన్నును ఎర్త్‌కు కలిపితే దీపమే మిణుకుతూ కోడ్ చెబుతుంది: ఒక మిణుకు, విరామం, రెండు మిణుకులు అంటే 12, లోపమేమీ లేదని అర్థం. జిప్సీ తయారీ ఆగిన ఏడాదిని కొందరు 2018 అనీ, కొందరు 2019 అనీ రాశారు. మామూలు అమ్మకాలు ఆగాక కూడా సైన్యానికి సరఫరా సాగడమే ఈ భేదానికి కారణం కావచ్చు.

కోడ్ ఏం చెబుతుంది

స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌కు చవక బ్లూటూత్ స్కానర్ తగిలించి ఫోనులో చదవడం ఇప్పుడు మామూలైంది. సాకెట్‌లో 16వ పిన్ను బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్నులు ఎర్త్. స్కానర్ వెలగకపోతే ముందు ఫ్యూజు చూడాలి.

కోడ్ వల్ల తెలిసేది తేడా ఎక్కడ కనిపించిందన్నది మాత్రమే, ఏ భాగం పాడైందో కాదు. ఈ ఒక్క సంగతి మరిచినందువల్లే పనిచేసే సెన్సార్లు పారేసి కొత్తవి కొనడం జరుగుతోంది. పీ0087 అంటే కామన్ రైల్‌లో డీజిల్ ఒత్తిడి తక్కువగా ఉంది అని. కారణం మూసుకుపోయిన డీజిల్ ఫిల్టర్ కావచ్చు, గాలి పీల్చే పైపు కావచ్చు, అరిగిన పంపు కావచ్చు. ఫిల్టర్‌కూ పంపుకూ ధరలో తేడా చాలా పెద్దది, వెతుకులాట చవక వైపు నుంచే మొదలవ్వాలి. పీ0401 అంటే ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) ప్రవాహం చాలడం లేదు అని. డీజిల్ బండిలో మసి పేరుకోవడమే తరచు కారణం. పీ0562 అంటే వోల్టేజీ తక్కువ.

కోడ్‌తో పాటు కంప్యూటర్ ఆ క్షణపు వేగం, ఇంజిన్ వేడి, లోడు నమోదు చేసి ఉంచుతుంది. కోడ్ చెరపక ముందే దీన్ని ఫోటో తీసుకోవాలి. బ్యాటరీ తీగ పీకి లైటు పోగొట్టే అలవాటు చాలామందికి ఉంది. దానితో చాలా బళ్లలో ఈ ఆధారమంతా తుడిచిపెట్టుకుపోతుంది.

అమ్రాబాద్ పీఠభూమి దారుల్లో వెతకవలసిన చోట్లు

మొదట బ్యాటరీ, ఎర్త్. ఇంజిన్ ఆపి కొన్ని గంటలైతే మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.4 వరకు ఉండాలి. స్టార్టర్ తిరిగేటప్పుడు 9.6 కన్నా కిందికి పడిపోతే కంప్యూటర్ తడబడి సంబంధం లేని కోడ్‌లు పుట్టిస్తుంది. రాళ్ల బాటల కుదుపుకు ఇంజిన్ నుంచి చాసిస్‌కు పోయే అల్లిన ఎర్త్ తీగ పోగుపోగుగా తెగుతుంది, బోల్టు దగ్గర తుప్పు పడుతుంది. కంటికి బాగానే కనిపిస్తుంది. పరీక్ష సులభం: మల్టీమీటర్ ఒక కొన బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఇంజిన్ దిమ్మెకు తాకించి, ఇంజిన్ నడుస్తూ హెడ్‌లైట్లు వెలుగుతుండగా చూడాలి. 0.2 వోల్టులకు మించితే తీగ మార్చాలి. ఈ కొలత తీయకుండా ఏ సెన్సారూ కొనకూడదని ఈ వ్యాసకర్త గట్టి అభిప్రాయం.

తర్వాత తీగల గుత్తి. ఎలుకలు కొరకడం, వాగు దాటినప్పుడు కనెక్టర్లలో నీరు చేరడం, గతంలో ఎవరో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు. చాలా సెన్సార్లు ఒకే 5 వోల్టుల సరఫరాను పంచుకుంటాయి. ఒకటి షార్ట్ అయితే మిగతావన్నీ పోయినట్టు కోడ్‌లు గుంపుగా వస్తాయి. అలాంటప్పుడు ఒక్కో సెన్సార్ ప్లగ్గు పీకుతూ పోతే, ఏది పీకగానే వోల్టేజీ తిరిగి వస్తుందో అదే దోషి.

సెన్సార్ చెప్పేది నిజమో కాదో తేల్చడానికి పీఠభూమి ఎత్తు కూడా పనికొస్తుంది. తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సార్ బయటి గాలి ఒత్తిడినే చూపాలి. సముద్ర మట్టంలో అది 101 కిలోపాస్కల్‌లు, 600 మీటర్ల ఎత్తున సుమారు 94, 800 మీటర్ల దగ్గర 92. ఫరహాబాద్ వైపు ఎక్కిన బండి 101 చూపిస్తే సెన్సార్‌ను అనుమానించాలి, 93 చూపిస్తే వదిలేయాలి. అలాగే రాత్రంతా ఆపిన బండిలో పొద్దున్నే కూలెంట్ వేడి, లోపలికి పీల్చే గాలి వేడి దాదాపు ఒకటిగా ఉండాలి.

ఎయిర్ ఫిల్టర్‌కు చైత్ర పౌర్ణమి రోజుల్లో కఠిన పరీక్ష ఎదురవుతుంది. సలేశ్వరం జాతరకు అడవి బాటలో బళ్లు వరసగా, తక్కువ గేరులో, ముందు బండి దుమ్ము మింగుతూ సాగుతాయి. ఎండ, తక్కువ వేగం కలిసి ఇంజిన్ వేడెక్కుతుంది. జాతర తర్వాత లైటు వెలిగి, పికప్ తగ్గి, నల్ల పొగ వస్తే ఫిల్టర్, టర్బో పైపు క్లిప్పులు ముందు చూడాలి. క్లిప్పు జారిన చోట పైపు మీద నూనె మరక పట్టి ఇస్తుంది.

పెట్రోలు మూత బిగిస్తే లైటు పోతుందన్న సలహా ఫోన్లలో బాగా తిరుగుతోంది. అది ట్యాంకు ఆవిరి లీకును కనిపెట్టే అమెరికా బళ్లకు చెందినది. డీజిల్ జీపుకు వర్తించదు. యూరప్ నిబంధనల బాటలో వచ్చిన మన పెట్రోలు బళ్లలోనూ ఆ లీకు పరీక్ష సాధారణంగా ఉండదు.

కామన్ రైల్ దగ్గర జాగ్రత్త

పాత జీపుల మీద పని నేర్చిన మెకానిక్ ఏ సిలిండర్ కొట్టడం లేదో తెలుసుకోవడానికి, గాలి తీయడానికి, ఇంజిన్ నడుస్తుండగానే ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేస్తాడు. ఎంఎం 540 మీద అది దశాబ్దాల నాటి పద్ధతి. కామన్ రైల్ బండి మీద అదే పని ప్రాణాంతకం. అక్కడ డీజిల్ వెయ్యి బార్ కూడా దాటగల ఒత్తిడిలో ఉంటుంది. సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి దిగుతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనబడినా లోపల కండ కుళ్లిపోయే ప్రమాదం ఉంది, వెంటనే పెద్దాసుపత్రిలో శస్త్రచికిత్స కావాలి. ఈ బళ్లలో సిలిండర్ పరీక్ష స్కానర్‌తోనో, ఇంజెక్టర్ రిటర్న్ పైపుల్లో పారే డీజిల్ కొలిచో చేయాలి. డ్రమ్ములో నిల్వ ఉంచిన డీజిల్ పోసేవారు ఫిల్టర్ అడుగు స్క్రూ వదిలి నీరు తీయడం మానకూడదు.

శ్రీశైలం దారిలో

మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం. రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా వాహనాలకు దారి మూస్తారు. సాయంత్రం గేటుకు ముందే లైటు వెలిగితే అక్కడే ఆగి చూసుకోవడం మేలు. అడవిలో చాలా చోట్ల ఫోను సిగ్నల్ అందదు. గేటు దాటాక వెలిగి, కదలకుండా ఉండి, ఇంజిన్ చప్పుడు, వేడి, పికప్ మారకపోతే నిదానంగా వటవర్లపల్లి లేదా దోమలపెంట దాకా పోవచ్చు. పెట్రోలు బండిలో లైటు మిణుకుతుంటే మిస్‌ఫైర్ ఉన్నట్టు. కాలని పెట్రోలు సైలెన్సర్‌లోని క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మండేంత వేడెక్కిస్తుంది, ఎండుగడ్డి మీద అలాంటి బండిని నిలపరాదు. ఎర్ర రంగు ఆయిల్ దీపం వెలిగితే మాత్రం ఎక్కడున్నా ఇంజిన్ ఆపేయాల్సిందే.

లైటు ఆరడం

లోపం సరిచేశాక కోడ్ చెరపకపోయినా, సాధారణంగా తప్పు కనబడని మూడు వరస ప్రయాణాల తర్వాత దీపం తనంతట ఆరిపోతుంది. కోడ్ మాత్రం సుమారు నలభై సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారే దాకా జ్ఞాపకంలో ఉంటుంది. పాత బండి కొనేవారు స్కానర్ పెట్టి కోడ్‌లతో పాటు మానిటర్ల (కంప్యూటర్ చేసుకునే స్వీయ పరీక్షల) స్థితి కూడా చూడాలి. అవన్నీ అసంపూర్ణం అని చూపితే, అమ్మకానికి కాస్త ముందు ఎవరో కోడ్‌లు చెరిపి ఉండవచ్చు. అలాంటి బండిని రెండు రోజులు ఘాట్‌లో నడిపి, మళ్లీ స్కాన్ చేశాకే బేరం కుదుర్చుకోవాలి.