గర్భిణుల రక్తహీనత - ఫోలిక్ ఆమ్లం కథ

ఆరోగ్య కేంద్రాల్లో గర్భిణులకిచ్చే మాత్రల్లో ఇనుముతోబాటు ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. రక్తానికి ఇనుము అవసరమని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నాం. మరి ఈ రెండో పదార్థం సంగతేమిటి? దీని చరిత్ర బొంబాయి బట్టల మిల్లుల దగ్గర మొదలవుతుంది. అందులో మన తెలుగువాడి పాత్ర కూడా ఉంది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చారు. అక్కడి మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలు గర్భం ధరించినప్పుడు తీవ్రమైన రక్తహీనతకు గురయ్యేవారు. కొందరు ప్రాణాలు కోల్పోయేవారు. వారి రక్తంలో ఎర్రకణాల సంఖ్య తక్కువ. కాని ఒక్కొక్క కణం మామూలుకన్నా పెద్దది. ఇనుము లోపిస్తే కణాలు చిన్నవవుతాయి. కాబట్టి ఇది వేరే జబ్బు.

సూక్ష్మజీవులు కారణమేమోనని విల్స్ వెతికారు. ఆధారం దొరకలేదు. అప్పుడు వివిధ వర్గాల స్త్రీల ఆహారాన్ని పరిశీలించారు. జబ్బుపడ్డవారి తిండిలో కూరగాయలు, పళ్ళు, మాంసకృత్తులు బాగా తక్కువ. చవకగా దొరికే ఈస్టు సారం ఈ రక్తహీనతను నయం చేస్తుందని 1931లో ఆమె ప్రకటించారు.

కాలేయసారం కూడా పనిచేసింది. అయితే ఇక్కడొక చిక్కు వచ్చింది. పెర్నీషియస్ ఎనీమియా అనే మరో రక్తహీనతను తగ్గించే శుద్ధిచేసిన కాలేయసారం దీనిపై పనిచేయలేదు. శుద్ధిచేయని సారమే పనిచేసింది! అంటే శుద్ధిలో పోతున్న పదార్థమేదో ఉందన్నమాట. దానినే 'విల్స్ కారకం' అన్నారు.

1941లో అమెరికా శాస్త్రజ్ఞులు పాలకూరనుంచి ఒక పదార్థాన్ని వేరుచేసి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. లాటిన్‌లో 'ఫోలియం' అంటే ఆకు. విల్స్ వెతికిన పదార్థం ఇదేనని తరువాత తేలింది. కాని టన్నుల కొద్దీ ఆకునుంచి తీసేది రోగులకెలా సరిపోతుంది?

ఈ సమస్యను తీర్చినది 1895లో భీమవరంలో పుట్టిన డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు. ప్రేగులు ఆహారాన్ని పీల్చుకోలేక మనిషి శుష్కించిపోయే స్ప్రూ వ్యాధితో ఆయన సోదరులిద్దరు కొద్దిరోజుల తేడాతో మరణించారు. ఆయన కూడా ఆ జబ్బుపడి కోలుకున్నారు. అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో ఆయన నాయకత్వాన పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. గర్భిణుల రక్తహీనతకే కాక స్ప్రూ రోగులకూ అది మందయింది.

కణం విభజన చెందాలంటే కొత్త డి.ఎన్.ఏ. తయారుకావాలి. అందుకు ఫోలిక్ ఆమ్లం కావాలి. అది లేకపోతే కణం పెరుగుతుంది గాని సరిగా విభజన చెందదు. బొంబాయి స్త్రీల రక్తకణాలు పెద్దవిగా ఉండటానికి కారణమిదే. ఈ ఆమ్లం పనిని అడ్డుకుంటే కాన్సర్ కణాల విభజన కూడా ఆగాలి కదా! సుబ్బారావు బృందం తయారుచేసిన అటువంటి మందుల్లో ఒకటైన మెథోట్రెక్సేట్, మావి కణజాలంలో పుట్టే కోరియోకార్సినోమా అనే కాన్సర్‌ను తగ్గించగలదని 1956లో వెల్లడైంది.

కథ అక్కడితో ముగియలేదు. నాడీనాళ లోపంతో బిడ్డను కన్న తల్లులకు మళ్ళీ గర్భం రాకముందునుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, ఆ లోపం తిరిగి వచ్చే అవకాశం 72 శాతం తగ్గిందని 1991లో ఏడు దేశాల పరిశోధన తేల్చింది. మెదడు, వెన్నుపాము రూపొందే ఈ నాళం గర్భధారణ తరువాత సుమారు 28 రోజుల్లోనే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి తాము గర్భవతులమన్న సంగతే తెలియదు. అందుకే బిడ్డను కోరుకునే స్త్రీలు ముందునుంచే ఫోలిక్ ఆమ్లం తీసుకోవాలని వైద్యులు చెబుతున్నారు.