సర్పగంధ: వేరు నుంచి మాత్ర దాకా

సర్పగంధ మోకాలెత్తు పెరిగే చిన్న పొద. తెలుగునాట పాతాళగంధి అని కూడా అంటారు. పాముకాటుకు, జ్వరానికి, నిద్ర పట్టకపోతే దాని వేరును నూరి ఇచ్చేవారు. బిహార్‌లో అది ‘పాగల్ కీ దవా’, అంటే పిచ్చికి మందు. ఇన్ని జబ్బులకు ఒకే వేరు పనిచేస్తుందా అన్నది తేల్చడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

ఢిల్లీ టిబ్బియా కాలేజీ పెట్టిన హకీం అజ్మల్ ఖాన్, జర్మనీలో రసాయనశాస్త్రం చదివిన సలీముజ్జమాన్ సిద్దిఖీకి మూలికల పరిశోధన అప్పగించాలనుకున్నారు. హకీం 1927లో కన్నుమూసినా పని ఆగలేదు. 1931లో సిద్దిఖీ బృందం ఆ వేరు నుంచి ఆల్కలాయిడ్లను స్ఫటికాలుగా రాబట్టి, ఒకదానికి హకీం పేరిట అజ్మలిన్ అని పేరుపెట్టింది. అదే ఏడాది కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు ఉన్మాదాన్నీ రక్తపోటునూ తగ్గిస్తుందని ప్రకటించారు.

అయితే ఆ స్ఫటికాలతో వేరు గుణమంతా తేలలేదు. నిద్ర పుట్టించే శక్తి జిగటగా ఉండే రెజిన్ భాగంలో ఉందని 1940లలో మన పరిశోధకులే గుర్తించారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జల్ వకీల్, 50 మంది రక్తపోటు రోగుల్లో కనిపించిన ఫలితాలను బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించారు. దాంతో పాశ్చాత్య వైద్యుల చూపు ఇటు మళ్లింది. 1952లో స్విట్జర్లండ్‌లోని సీబా కంపెనీ శాస్త్రవేత్తలు ఆ రెజిన్ నుంచే రిసర్పిన్‌ను వేరుచేశారు. మిల్లీగ్రాములో పావు వంతు ఉన్న మాత్రతోనే రక్తపోటు దిగేది. రెండేళ్లు తిరక్కుండానే న్యూయార్క్‌లో మానసిక వైద్యుడు నేథన్ క్లైన్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చి చూశారు. 1956లో రసాయన శాస్త్రవేత్త వుడ్‌వర్డ్ రిసర్పిన్‌ను ప్రయోగశాలలోనే తయారుచేసి చూపారు.

ఈలోగానే చెడ్డ కబురూ వచ్చింది. మందు వాడిన కొందరిలో మనసు కుంగిపోతోందని వైద్యులు రాశారు. ఈ మందు ఎలా పనిచేస్తుందో వెతకబోతే మెదడు రసాయనాల గుట్టు బయటపడింది. మెదడులోని సెరటోనిన్ నిల్వలను రిసర్పిన్ ఖాళీ చేస్తుందని 1955లో అమెరికాలో బ్రోడీ బృందం తేల్చింది. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకు రిసర్పిన్ ఇస్తే అవి చెవులు వాల్చేసి, కదలకుండా పడిపోయాయి. మెదడులో డోపమిన్‌గా మారే ఎల్-డోపా ఎక్కించిన కాసేపటికే లేచి తిరిగాయి. 1957లో వెలువడిన ఈ ఫలితం పార్కిన్సన్ వ్యాధి చికిత్సకు దారి తీసింది. డోపమిన్ మీద చేసిన కృషికి 2000లో కార్ల్‌సన్‌కు నోబెల్ వచ్చింది.

గిరాకీ పెరిగేసరికి మొక్కకే ముప్పు వచ్చింది. మందు వేరులో ఉంటుంది, వేరు తవ్వితే మొక్క పోతుంది. అంతర్జాతీయ వ్యాపారంపై ఇప్పుడు సైట్స్ ఒప్పందం నియంత్రణ ఉంది. ఇంతకంటే మేలైన మందులు రావడంతో రిసర్పిన్ వాడకమూ బాగా తగ్గింది.

పెద్దల మాటను సైన్సు ఇక్కడ గుండుగుత్తగా ఒప్పుకోనూ లేదు, కొట్టిపారేయనూ లేదు. నిద్ర, ఉన్మాదం విషయంలో వాళ్ల అనుభవం నిలబడింది. పాముకాటుకు మాత్రం నేటికీ ఆసుపత్రిలో ఇచ్చే విషవిరుగుడు ఇంజెక్షనే దిక్కు. ఏ మూలిక పేరు చెప్పినా ఏ జబ్బుకు, ఎంత మోతాదులో, ఎలాంటి చెరుపుతో అని అడగాలని సర్పగంధ చరిత్ర నేర్పుతుంది.